వేళ్ళు పది ఉన్నాయి కదా

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
సోమవారం మధ్యాహ్నం

అమ్మగారికి నమస్కారం.

నేనెవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మీ అల్లుడుగారు నా సంగతి మీతో చెప్పానన్నారు. ఎంత చెప్పారో మాత్రం తెలియదు. పది మాటలు చెప్పాల్సిన చోట రెండు చెప్పి, మిగతావి ఎదుటివాళ్ళే ఊహించుకోవాలనుకునే మనిషి కదా ఆయన. అందుకని నా గురించి నేనే చెప్పుకుంటున్నాను.

నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను. వచ్చినవాళ్ళ ముక్కుకీ చెవులకీ సరిపోయేలా ఫ్రేములు వంచి కూర్చోబెట్టడం నా పని. తాళం లోపలి స్ప్రింగులు మసగ్గా కనిపిస్తున్నాయని ఆయన అద్దాల కోసం వచ్చారు. అలా పరిచయం. నాకు నలభై దాటాయి, ఇదే మొదటి పెళ్ళి. వచ్చే నెలాఖరుకి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెడదామనుకున్నాం.

ఫోన్ చేద్దామంటే మీకు సరిగా వినిపించదన్నారు. ఎదురుగా వచ్చి మాట్లాడే ధైర్యం నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం.

నిన్న ఇద్దరం ఉంగరాలు చూడటానికి వెళ్ళాం. నా ఉంగరం కోసం ఆయన పడిన హడావిడి మీరు చూడాల్సింది. తాళాలు చూసే భూతద్దం జేబులోంచి తీసి ఒక్కో ఉంగరాన్నీ తిప్పి తిప్పి చూస్తుంటే, దొంగ బంగారం పట్టుకోవడానికి ఎవరో ఆఫీసరు వచ్చాడని నగల దుకాణం ఆయన హడలిపోయాడు. తీరా "మరి మీకండీ?" అని అడిగేసరికి, ఎడమ చెయ్యి జేబులో పెట్టేసుకున్నారు.

ఆ చేతికి పాత పెళ్ళి ఉంగరం ఉంది. అది ఉండటం నాకు కష్టం కాదు, కాదనే అనుకుంటున్నాను. కానీ వేలు ఉబ్బి, ఉంగరం చుట్టూ కండ పైకి లేచింది. సాయంత్రమయ్యేసరికి వేలి కొస నీలంగా మారుతోంది. కోసి తీయాల్సిందే, ఆలస్యం చేస్తే వేలికే మోసం వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పారు. ఊళ్ళో తాళాలన్నీ తీసే మనిషి తన వేలి ఉంగరం తీసుకోలేకపోతున్నారు. నేను నవ్వుతూ ఆ మాటే అంటే ఆయన నవ్వలేదు. "అత్తయ్య సరేనంటే కోయిస్తా" అన్నారు. పోనీ అడగండి అంటే అడగరు. నేను రాయనా అంటే అవుననలేదు, కాదనలేదు.

అందుకని నేనే అడుగుతున్నాను. కన్నుమూసిన మీ అమ్మాయి స్థానంలోకి రావాలని నాకు లేదండీ. పక్కన కాస్త చోటుంటే చాలు. ఆ ఉంగరం కోయించడానికి మీరు ఒప్పుకుంటారా?

మీ జవాబు కోసం చూస్తూ,
కళ్ళద్దాల అమ్మాయి


మూడో అంతస్తు, ఎడమవైపు గది
శుక్రవారం

కళ్ళద్దాల దుకాణంలో పనిచేయుచున్న వారికి,

విషయం: ఉంగరం.

మీ ఉత్తరం అందినది. విషయం గమనించడమైనది.

టైపులో జవాబిచ్చుచున్నందుకు ఏమీ అనుకోవద్దు. నా వేళ్ళ కణుపులు వాచి ఉన్నవి. కలం పట్టుకొనలేను, మీట నొక్కగలను. జీవితమంతా ఆఫీసులో చేసిన పని అదే గనుక అలవాటు పోలేదు.

నా అల్లుడు మరల వివాహము చేసుకొనుటకు నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. అతనికి వండిపెట్టువారు, మాట్లాడువారు ఉండుట మంచిదే. అందుకు నా అనుమతి అవసరం లేదు, అతను అడుగనూ లేదు.

ఉంగరం సంగతి మీరు అడిగినారు కావున చెప్పుచున్నాను. వద్దు. దాని జోలికి పోవద్దు. డాక్టర్లు దేనినైనను కోయమందురు. ఉప్పు తగ్గించి, చేతిని చల్లని నీటిలో ఉంచినచో వాపు దానంతట అదే తగ్గగలదు. మీరు కొనబోవు కొత్త ఉంగరమును వేరొక వేలికి పెట్టుకొనవచ్చును. వేళ్ళు పది ఉన్నాయి కదా.

ఇంతటితో ఈ విషయమును ముగించవలసినదిగా కోరుచున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ టైపిస్టు


కళ్ళద్దాల దుకాణం, వెనక గది
ఆదివారం

అమ్మగారికి నమస్కారం.

ముగించమన్నారు. ముగించడానికే ప్రయత్నించాను. మీరు చెప్పినట్టే చల్లనీళ్ళు, ఉప్పు లేని కూడు అన్నీ చేశాం. వాపు తగ్గలేదు. సరే, వేళ్ళు పది ఉన్నాయన్నారు కాబట్టి ఆయన కుడిచేతికి ఉంగరం చూద్దామని మళ్ళీ ఆ దుకాణానికే తీసుకెళ్ళాను.

కుడిచేతికి కొలత తీసుకుంటుంటే నగలాయన కళ్ళు ఎడమ చేతి మీద పడ్డాయి. "అయ్యో, ఇంత బిగుసుకుపోయిందేమిటండీ" అంటూ చెయ్యి లాగి చూశాడు. వెలుగులోకి తిప్పాడు. తర్వాత నా వైపు చూసి, "ఇది మగవాళ్ళకి చేసిన ఉంగరం కాదమ్మా. ఇంత సన్నగా మగవాళ్ళకి చెయ్యం. ఇది ఆడవాళ్ళది" అన్నాడు.

ఉంగరాలు కొనకుండానే బయటికొచ్చాం. బస్సులో నేనే అడిగాను.

"ఎవరిదండీ అది?"

"ఆమెది."

"మరి మీది?"

"ఆమె దగ్గరే ఉంది."

అంతే. మా వీధి ఇంకా రాకముందే లేచి దిగిపోయారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఎడమ చెయ్యి జేబులోనే ఉంది.

అమ్మగారూ, అది ఆయన ఉంగరమే అయితే నేను సర్దుకునేదాన్ని. పాత గుర్తు, ఉంటే ఉండనీ అనుకునేదాన్ని. కానీ ఆవిడది ఈయన దగ్గర, ఈయనది ఆవిడ దగ్గర. అంటే వాళ్ళ పెళ్ళి ఇంకా నడుస్తూనే ఉందన్నమాట. ఇందులో నేనెక్కడ నిలబడాలి? కొనుక్కునే ఉంగరాలైతే జతే, మనుషులమే ముగ్గురం. సంతకాలు వాయిదా వేద్దామని నిన్న ఆయనతో అనేశాను. ఎందుకని కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆ ఉంగరాలు చేతులు మారిన రోజు ఏం జరిగిందో చెప్పగలిగేది మీరొక్కరే. కోపంతో అడగటం లేదు. తెలిస్తే ఉండాలో తప్పుకోవాలో తేల్చుకుంటాను. ఈ వయసులో ఆశ పెట్టుకోవడమే తప్పేమో అని రోజూ ఏడుస్తూ ఫ్రేములు సరిచేస్తున్నాను. నా ఏడుపు వల్ల ఇద్దరు ముగ్గురి కళ్ళద్దాలు వంకరగా కూడా వెళ్ళాయి.

మీ
కళ్ళద్దాల అమ్మాయి


మూడో అంతస్తు, కిటికీ దగ్గర
బుధవారం

అమ్మాయికి,

ఆఫీసు భాష వదిలేస్తున్నాను. నువ్వనే అంటాను, చిన్నదానివి.

నా కూతుర్ని ఇంట్లో గుమ్మడి అనేదాన్ని. పుట్టినప్పుడే అంత బొద్దుగా ఉండేది. చేతులు నా పోలిక, పెద్దవి, పని చేసే చేతులు. వాళ్ళిద్దరూ ఉంగరాలు కొనుక్కోవడానికి వెళ్ళినప్పుడు నన్నూ లాక్కెళ్ళారు. ఆడవాళ్ళ ఉంగరాలు ఒక్కటీ దాని వేలికి ఎక్కలేదు. వేరే పిల్లయితే సిగ్గుతో చచ్చిపోయేది. అది అల్లుడి వైపు తిరిగి, "మీ దుకాణంలో తాళంచెవుల రింగు ఒకటి తెచ్చిపెట్టండి, సరిపోతుంది" అంది. అతను నవ్వి నవ్వి కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు. చివరికి దాని కొలతకి చేయించారు. అతనివి సన్నటి వేళ్ళు. ఇద్దరి కొలతలకీ పెద్ద తేడా లేదని అప్పుడు కూడా నవ్వుకున్నాం. అందుకే అది అతని వేలికి ఎక్కగలిగింది.

దానికి జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులకి పాకింది. ఆసుపత్రిలో చేతులు ఉబ్బుతున్నాయని నర్సు ఉంగరం తీసి, దూదిలో చుట్టి నా చేతికిచ్చింది. ఇంటికెళ్ళేటప్పుడు మళ్ళీ పెడదువుగానిలే అని దానితో అన్నాను. తలూపింది. కడదాకా ఆ దూది ఉండ నా పిడికిట్లోనే ఉంది.

అంతా అయిపోయాక అల్లుడు తన ఉంగరం తీసి దాని అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూశాడు. ఆ ఉంగరం దానితోనే వెళ్ళిపోయింది. తర్వాత నా వైపు తిరిగి చెయ్యి చాపాడు. మాట లేదు, చెయ్యి చాపాడంతే. అలా చాపినవాడికి లేదని ఎలా అంటాను? ఉంగరం ఆ చేతిలో పెట్టాను. అక్కడే కుళాయి దగ్గర సబ్బు రాసి, ఎలాగో తోసి పెట్టుకున్నాడు. ఏడేళ్ళుగా అక్కడే ఉంది.

ప్రతి నెలా మొదటి ఆదివారం వస్తాడు. తలుపు గొళ్ళేనికి నూనె వేస్తాడు, టీ తాగుతాడు, వెళ్ళిపోతాడు. నాకు వినిపించదు, అతను మాట్లాడడు. మా ఇద్దరికీ అలా కుదిరింది.

నువ్వు అడిగింది చెప్పాను. ఉండాలో పోవాలో నువ్వే తేల్చుకో. కోయమని మాత్రం నేను అనలేను. అనడానికి ఈ మీటలు కదలటం లేదు.

వేలు నిజంగా నీలంగా ఉందా? రాత్రిళ్ళు నొప్పంటున్నాడా? రాయి.

టైపిస్టు


తాళాల దుకాణం, మూల బల్ల
శనివారం

అమ్మగారూ,

ఈ ఉత్తరం ఆయన దుకాణంలో కూర్చునే రాస్తున్నాను. మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. మిమ్మల్ని అడగకుండా చేశాను, తిట్టండి.

తాళంచెవికి ఆకురాయి పడుతూ వింటున్నారు. తాళంచెవుల రింగు మాట దగ్గర కొంచెం నవ్వారు. "నా వైపు తిరిగి చెయ్యి చాపాడు" అన్న చోటికి రాగానే చేతిలోది కింద పెట్టేశారు. మళ్ళీ చదవమన్నారు. చదివాను. తర్వాత ఆయన అన్న మాటలు, నాకు గుర్తున్నంతవరకు, ఒక్కటీ మార్చకుండా రాస్తున్నాను.

"నేను ఉంగరం కోసం చాపలేదు. అత్తయ్య తూలిపోతోంది, కింద పడిపోయేలా ఉంది. పట్టుకుందామని చాపాను. ఆవిడ పిడికిలి విప్పి దూది నా చేతిలో పెట్టింది. ఇదేమిటో నాకర్థం కాలేదు. ఇచ్చింది కదా, పెట్టుకోమనే కాబోలు అనుకున్నా. పెట్టుకోకపోతే, నా కూతురి ఉంగరం వీడికి అక్కర్లేదా అనుకుంటుందేమోనని భయమేసింది. కష్టం మీద తోసుకున్నా."

వారం తిరక్కుండానే మీకు తిరిగి ఇచ్చేద్దామని చూశారట. సబ్బుకి రాలేదు, తాళాలకి వేసే నూనెకి రాలేదు, దారం చుట్టి లాగితే చర్మం లేచింది. మరి అప్పుడే కోయించుకోవచ్చు కదా అన్నాను. ఆయన నావైపు వింతగా చూశారు.

"నాదైతే కోసేవాణ్ణి. అది ఆవిడ అప్పజెప్పింది. అప్పజెప్పినదాన్ని ముక్కలు చేస్తామా?"

నెలనెలా మీ దగ్గరికి వచ్చి, టీ గ్లాసు కావాలనే ఎడమ చేత్తో పట్టుకుంటారట. ఉంగరం భద్రంగా ఉందని మీరు చూసుకోవాలని. మీరు ఆయన మొహం ఎప్పుడూ చూడరట, ఆ వేలే చూస్తారట. అల్లుడు గుర్తుంచుకున్నాడా లేదా అని చూసుకుంటున్నారనుకున్నారు ఆయన.

నొప్పి ఉందమ్మా. దాస్తున్నారు. నిన్న చిన్న స్క్రూ పట్టుకోలేక జారవిడిచి నేలంతా వెతికారు. డాక్టరు ఇంకో వారం కూడా ఆగొద్దంటున్నారు.

నేను పెళ్ళి గురించి అడగటం లేదు. అది తర్వాత. ఒక్కటే అడుగుతున్నాను, దానికి నిజం చెప్పండి. ఆ రోజు ఉంగరం ఆయనకి ఇవ్వాలనుకునే ఇచ్చారా?

మీ అమ్మాయి


మూడో అంతస్తు, కిటికీ దగ్గర
మంగళవారం

అమ్మాయీ,

లేదు.

ఇవ్వాలనుకోలేదు. పిడికిలి విప్పడానికి ఎంత కష్టమైందో నాకే తెలుసు. నేను కన్నాను, పెంచాను, తలంటి పోశాను, ఆ చేతికి గోళ్ళు తీశాను. నాకు మిగిలింది ఆ దూది ఉండ ఒక్కటే. అదీ ఇచ్చేయాల్సి వచ్చిందని కుమిలిపోయాను. మొగుడు కదా, వాడి హక్కు నాకన్నా పెద్దదేమో అని నోరు మూసుకున్నాను. ఏడేళ్ళూ వాడొచ్చినప్పుడల్లా మొహం చూడబుద్ధయ్యేది కాదు. ఉంగరమే చూసేదాన్ని. ఇవాళైనా తీసి బల్లమీద పెడతాడేమో, మర్చిపోయి వెళ్ళిపోతాడేమో అని. ఇలాంటివి ఎవరితో చెప్పుకుంటారు?

నువ్వు కోయిస్తానని రాసినప్పుడు వద్దన్నది అందుకే. దాన్ని కోసి, ఆ ముక్కలు నగలాయన పళ్ళెంలో పడేసి, మీరు కొత్తవి పెట్టుకుని వెళ్ళిపోతారనుకున్నాను.

నన్ను పట్టుకోవడానికి చాపాడా వాడు? నీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చదివానో. ఆ రోజు నన్ను పట్టుకున్న మనిషి ఒక్కడూ లేడనుకుంటూ ఇన్నాళ్ళూ బతికాను, తెలుసా? చెయ్యి చాపితే అందులో ఉంగరం పెట్టి తిరిగి వచ్చేశానన్నమాట. ఎంత పిచ్చిదాన్ని.

రేపే కోయించు. నేను కోయమన్నానని చెప్పు. ఆ ముక్క నాకు పంపు. వంకరపోయినా సరే.

టైపు రిబ్బను తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. అర్థం చేసుకుని చదువుకో.


కళ్ళద్దాల దుకాణం, వెనక గది
శుక్రవారం

అమ్మా,

కోయించాం.

మీ ఉత్తరం అందిన పూటే ఆ నగలాయన దగ్గరికి వెళ్ళాం. ఉంగరానికీ చర్మానికీ మధ్య పల్చటి రేకు ఒకటి దూర్చాడు. చిన్న రంపం పట్టాడు. పెద్దగా సేపు పట్టలేదు. ఆయన కుడిచెయ్యి నా చేతిలో పెట్టారు. రంపం చప్పుడవుతున్నంతసేపూ నా వేళ్ళు నలిగిపోయాయి. నగలాయన ఉంగరం రెండు కొసలూ పట్టుకుని విడదీసి తీసేశాడు. అద్దాల బల్ల మీద పెడితే టక్కుమని చిన్న చప్పుడయింది.

దాని కింద వేలు తెల్లగా ఉంది. చుట్టూ లోతుగా గాడి. రక్తం కిందికి దిగుతుంటే ఆయన ఆ గాడినే బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చున్నారు. "నొప్పిగా ఉందా?" అంటే, "చల్లగా ఉంది" అన్నారు. ఆ తర్వాత దుకాణంలో అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను పక్కనే నిలబడ్డాను. నాకూ ఏడుపొచ్చింది. ఎవరి కోసమో చెప్పలేను. ఆవిణ్ణి నేను చూడనే లేదు కదా. అయినా ఆవిడ కోసమే అనుకుంటాను.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, "వచ్చాం కదా, చూద్దామా?" అన్నారు. ఉంగరాలు ఎంచుకున్నాం. గీతలూ రాళ్ళూ లేని సాదావి. నాది నా వేలికి మొదటిసారే ఎక్కింది. ఆయన ఎడమచెయ్యే చాపబోయారు. నేను వద్దన్నాను. ఆ గాడి ఎప్పటికైనా పూడుతుందో లేదో నగలాయన చెప్పలేనన్నాడు. పూడినా ఆ వేలు అలాగే ఉండనీ అనిపించింది. కుడిచేతికి కొలత తీయించాను. చివరికి మీరన్న మాటే నిజమైంది.

ముందు నుంచీ నాకు దొరికింది పక్కన కాస్త చోటే. అదే కదా నేను మిమ్మల్ని మొదటి ఉత్తరంలో అడిగింది. దొరికాక ఇంత బరువుగా ఉంటుందనుకోలేదు.

ఉంగరం నేను పోస్టులో పంపటం లేదు. వచ్చే ఆదివారం ఆయనే తెచ్చిస్తారు. కొసలు అతికించి, మెరుగు పెట్టి, కోసిన సంగతే తెలియకుండా చేస్తానంటున్నాడు నగలాయన. చేయించమంటారా? నెలాఖరుకి మీరు రావాలని నా కోరిక. అడిగే హక్కు ఉందో లేదో తెలియదు.

మీ అమ్మాయి


మూడో అంతస్తు, కిటికీ దగ్గర
సోమవారం

అమ్మడూ,

ఇది టైపు కాదు, చేత్తో రాస్తున్నాను. గీతలు వంకరపోతున్నాయి, నవ్వకు.

నిన్న వాడొచ్చాడు. వేలికి గుడ్డ చుట్టుకుని, గుమ్మంలోనే నిలబడి జేబులోంచి పొట్లం తీయబోయాడు. నేను ఆగమన్నాను. చెయ్యి చాపమన్నాను. చాపాడు. ఈసారి పొట్లం సంగతి తర్వాత చూద్దామని, ముందు ఆ చేతిని పట్టుకున్నాను. వాడి మొహం చూశాను. జుట్టంతా ఎప్పుడు నెరిసిపోయిందే వాడికి? నెలనెలా నా ఎదురుగా కూర్చుంటూనే ముసలివాడయ్యాడు, నేను చూడలేదు. ఇద్దరం అక్కడే, గుమ్మంలోనే, ఏడవాల్సినదంతా ఏడ్చాం. పక్కింటివాళ్ళు తలుపు తెరిచి, చూసి, మళ్ళీ వేసుకున్నారు.

తర్వాత టీ పెట్టాను. వాడు పొట్లం విప్పాడు. నేను కాస్త తేరుకున్నాక నా వేలికి పెట్టుకోబోతే, కణుపు దగ్గరే ఆగిపోయింది. ఈ వాచిన వేళ్ళకి ఏ ఉంగరం ఎక్కుతుంది? బల్ల మీద పెట్టేశాను. వాడు సంచిలోంచి సన్న పటకారు తీశాడు. రెండు కొసలూ పట్టుకుని, తాళం లోపలి స్ప్రింగు వంచినంత జాగ్రత్తగా, కొద్దికొద్దిగా విడదీశాడు. నా చెయ్యి వాడి మోకాలి మీద పెట్టుకుని కణుపు దాటించి, మళ్ళీ నెమ్మదిగా దగ్గరికి నొక్కాడు. పట్టింది.

నువ్వు కోయించకపోతే అది నా వేలికి ఎన్నటికీ ఎక్కేది కాదు. కోయవద్దని అంత పట్టుబట్టానే, ఆ సంగతే నాకు తట్టలేదు.

నెలాఖరుకి నేను రాను. మెట్లు దిగలేనని చెప్పొచ్చు, కానీ నీతో అబద్ధమెందుకు. నా కూతురు నిలబడాల్సిన చోట ఇంకొకరు నిలబడితే చూసి నవ్వుతూ ఉండటం నాకింకా చేతకాదు. ఏడుపు మొహంతో వచ్చి మీ రోజు పాడుచేయను. సంతకాలు పెట్టండి, ఉంగరాలు పెట్టుకోండి, బాగుండండి. ఆ తర్వాత వచ్చే మొదటి ఆదివారం వాడితోపాటు నువ్వూ రా. నా కళ్ళద్దాలు ముక్కు మీద నిలబడటం లేదు, సరిచేసి పెడుదువుగాని.

ఇంకోటి. అతికించవద్దని నగలాయనకి చెప్పు. మెరుగూ వద్దు. గుప్పెట మూసినప్పుడు కొసలు రెండూ కొంచెం గుచ్చుకుంటున్నాయి. గుచ్చుకోనీ. ఆసుపత్రిలో పిడికిలి విప్పినప్పటినుంచీ ఖాళీగా ఉన్న చెయ్యి ఇది.

ఇట్లు,
గుమ్మడి వాళ్ళమ్మ